వెనక పడవ

యౌకిల్ దీవి, చిలోయే
1997 జూన్ 8

మరిది ఒనోఫ్రేకి వదిన క్లోరిందా దీవెనలు.

పెట్టె విప్పుతూ తినేదేదో పంపాననుకుని ఉంటావు. బంగాళదుంప రొట్టెలు పుంతా అరేనాస్ చేరేసరికి వాటితో గోడ కట్టుకోవచ్చు, అందుకే పంపలేదు. పెట్టెలో ఉన్నది ఒక ఆట. నేనే చేశాను. నవ్వకు. నలభై ఏడేళ్ల మనిషి అట్టముక్కలు కత్తిరించుకుంటూ కూర్చుందని దీవి దీవంతా ఇప్పటికే నవ్వేసింది, నీ వంతు మిగల్లేదు.

గోధుమపిండి సంచి విప్పదీసి, చెక్కపలక మీద అతికించి, దాని మీద మన సముద్రపు పాయని గీశాను. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పన్నెండు గళ్లు. ఇల్లు ఒక పైకప్పు చెక్కలోంచి చెక్కింది, దాని పొగగొట్టం అగ్గిపుల్ల. నాలుగు ఆల్చిప్పలు నాలుగు పడవలు. మూడు ముందుండి ఇంటిని లాగుతాయి, ఒకటి వెనకుండి ఇల్లు పక్కకి తిరక్కుండా పట్టి ఉంచుతుంది. తాళ్లు నేను వడికిన ఉన్ని. సార్డీన్ డబ్బా మూతకి మేకు కొట్టి ముల్లు పెట్టాను, అది పోటు. ఒక్కో వరసకి ముల్లు ఒక్కో గీత జరుగుతుంది. పోటు తగ్గి పాటు మొదలయ్యే గీత దాటితే నీళ్లు వెనక్కి పరుగెడతాయి. అప్పుడైనా, అడ్డం తిరిగినా ఇల్లు ఒరగడం మొదలుపెడుతుంది. మూడుసార్లు ఒరిగితే మునిగినట్టే. గాలి ఎటు వీస్తుందో చెప్పే చీటీలు కొన్ని రాశాను. పాచికలు ఎద్దు ఎముకతో చేశాను. ఒకదాంట్లో ఆరు కాస్త ఎక్కువ పడుతోంది, ఎంత అరగదీసినా బుద్ధి మారలేదు.

మనలా ఇంటినే పడవలకి కట్టి లాగడం కళ్లతో చూడనివాళ్ల చేత ఆడించు. నియమాలు కాగితం మీద రాశాను, వాళ్లు అది మాత్రమే చదివి ఆడాలి. నువ్వు నోరు విప్పకూడదు. ఎక్కడ తడబడ్డారో, ఇల్లు ఎక్కడ మునిగిందో రాసి పంపు.

ఎందుకంటే, ఎర్మిందా బరియా వాళ్ల ఇంటి కింద గట్టు కొట్టుకుపోతోంది. జనవరి అమావాస్య పోటుకి ఇంటిని అవతలి ఒడ్డుకి తీసుకుపోవాలి. ఈస్టర్ అయ్యాక ఆవిడ ఆపిల్ కల్లు కూజా పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది, పోటు నన్నే చెప్పమని, ఇంటిని నీళ్లలోకి దించే వేళ నన్నే చూడమని వేడుకుంది. పదకొండేళ్లలో ఆ మాట అడిగింది ఆవిడ ఒక్కతే. మీ అన్న బెలార్మినో పోయాక నన్నెవరూ ఒక్క మాట అనలేదు, అడగడం మాత్రం మానేశారు. గడపలోకి వచ్చి వేడుకుంటే కాదనకూడదని, కాదంటే కారణం అందరి ముందూ చెప్పాలని నీకు తెలుసు. కొంచెం గడువు అడిగాను.

మన ఇంటిని దాటించిన రోజు నేను ఒడ్డున నిలబడి "ఇప్పుడు" అన్నప్పుడు ముల్లు ఏ గీత మీద ఉండేదో ఈ ఆటలో సరిగ్గా అక్కడే పెట్టాను. బెలార్మినోని ముంచింది నా మాటో కాదో తేలకుండా ఇంకొకరి ఇంటిని నీళ్లలోకి దించలేను.

మీ వదిన
క్లోరిందా


పుంతా అరేనాస్
1997 జూలై 3

వదినా,

పెట్టె క్షేమంగా అందింది. ఒక ఆల్చిప్ప పగిలింది, జిగురు పెట్టాను.

ఇక్కడ ఆడించడానికి మనుషులు దొరికారు. మా ఇంటావిడ ఫ్రెసియాగారు, ఉన్ని గోదాములో నాతో మూటలు కట్టే ఎవారిస్తో, పక్కింటి క్రొయేషియా ముసలాయన దోన్ యోసిప్. ఎవారిస్తోది ఎడారి ఊరు, వాన పడితే ఇప్పటికీ బయటికొచ్చి చూస్తాడు. ఇల్లు పడవల వెనకాల సముద్రం దాటుతుందని కాగితంలో చదివి, "మీ దీవిలో అందరూ తాగి ఉంటారా?" అన్నాడు. యోసిప్‌గారు మాత్రం టోపీ తీసి బల్ల మీద పెట్టి, చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

నేను ఆడలేదు. నోరు విప్పొద్దన్నావుగా, పొయ్యి దగ్గర కూర్చుని చూశాను. నాలుగో మనిషి లేక వెనక పడవ కూడా ఫ్రెసియాగారే నడిపింది. "ఇదేం పడవమ్మా, ముందుకి పోదు, వెనక్కి పోదు, ఊరికే పట్టుకుని నిలబడాలి. మా ఆయన నయం" అని ఆవిడ ఒకటే సణుగుడు.

ఐదుసార్లు ఆడారు. ఐదుసార్లూ ఇల్లు ఒడ్డు చేరింది. ఫ్రెసియాగారు పాచికలు ఒళ్లో దాచి వేస్తుంది కాబట్టి ఒకటి రెండు లెక్కలోంచి తీసెయ్. నియమాల్లో గాలి చీటీ ఎప్పుడు తియ్యాలో స్పష్టంగా లేదు. ఉన్ని తాళ్లు చిక్కులు పడుతున్నాయి.

నా మాట విను. నీ కళ్లు మసకలయ్యాయని ఎర్మిందాకి చెప్పి తప్పించుకో, ఒప్పుకోకు. సముద్రం సముద్రమే, అది ఎవరి మాట విని మునగలేదు, తేల్లేదు. ఇన్నేళ్లయ్యాక తవ్వుకోవడం దేనికి?

మరిది
ఒనోఫ్రే


యౌకిల్ దీవి
1997 ఆగస్టు 2

ఒనోఫ్రే,

నా కళ్లకేం కాలేదు. సూదిలో దారం వెలుగు లేకపోయినా ఎక్కిస్తాను. అబద్ధం చెప్పమని సలహా ఇవ్వడానికి రెండు వేల కిలోమీటర్ల అవతల నుంచి తపాలా బిళ్ల అంటించనక్కర్లేదు.

ఇక్కడ కూడా ఇల్లు మునగడం లేదు. అలాంటిదే ఇంకోటి చేసుకుని నేనొక్కదాన్నే నాలుగు చేతులూ ఆడుతున్నాను. గాలి చీటీలు రెట్టింపు చేశాను, చేరింది. ఇక్కడి పాచికల్లో కూడా ఆరు ఎక్కువ పడేది ఒకటుంటే పారేసి కొత్తది చెక్కాను, చేరింది. ముల్లుని ఇంకో గీత ముందుకి జరిపాను, అంటే నేను చెప్పినదానికన్నా ఆలస్యంగా చెప్పినట్టు. ఒక్కసారి ఒరిగింది, మళ్లీ నిలబడింది, చేరింది.

నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. ఇల్లు ఆ చివరి గడిలోకి వచ్చిన ప్రతిసారీ లోపల పొయ్యి ఆరిపోకుండా కట్టెలు ఎగదోస్తూ వచ్చిన మీ అన్న ఇప్పుడు తలుపు తీసుకుని దిగుతాడనిపిస్తుంది. మసి చేతులు పంట్లాముకి తుడుచుకుంటూ "ఏమే, నీళ్లు పెట్టావా?" అంటాడనిపిస్తుంది. మొన్న మాతే టీకి నిజంగానే నీళ్లు పెట్టాను, రెండు గిన్నెలు తీశాను. రోజూ మధ్యాహ్నం ఆడుతున్నాను ఒనోఫ్రే. రోజూ వస్తున్నాడు. అందుకే భయంగా ఉంది. నా ఆటలో ఏదో అబద్ధం ఉంది.

అందుకని ముందు పడవలవాళ్లు ముగ్గురినీ అడిగాను. ముగ్గురిదీ ఒకటే మాట. సగం దాటాక ఇల్లు ఉన్నట్టుండి అడ్డం తిరిగింది, ఒరిగింది, అప్పుడు పడవలని నడిపించే పెద్దాయన కోయమని అరిస్తే గొడ్డళ్లతో తాళ్లు కోశారు. అడ్డం ఎందుకు తిరిగిందో వాళ్లకి తెలీదు, వాళ్ల వీపులు ఇంటి వైపున్నాయి. నేను ఒడ్డున ఉన్నాను, వానలో అంత దూరానికి నాకు ఇంటి కప్పు తప్ప ఏమీ కనిపించలేదు. వెనక ఉన్నది నువ్వొక్కడివే.

ఇల్లు తిరగక ముందు నీకేం కనిపించింది? చిన్నదైనా సరే రాయి. ఏదైనా ప్రవాహం తగిలిందా? నురగ ఎటు పోతోంది?

వదిన


పుంతా అరేనాస్
1997 సెప్టెంబరు 1

వదినా,

నాకేం గుర్తులేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. వాన పడుతోంది.

ఇక్కడ గొర్రెల ఉన్ని కత్తిరింపుల కాలం మొదలవుతోంది, గోదాములో తీరిక దొరకడం లేదు. ఆట బాగానే ఉందంటున్నారు. పిల్లలకైతే తేలిగ్గా ఉండాలి కదా, చేరితే చేరనియ్. వెనక పడవ ఎవరికీ నచ్చడం లేదు, అది తీసేస్తే తాళ్ల చిక్కు కూడా తగ్గుతుంది. మూడు పడవలు చాలు.

ఒంట్లో ఎలా ఉంది? చలికి కాళ్లకి ఉన్ని చుట్టుకో.

ఒనోఫ్రే


యౌకిల్ దీవి
1997 అక్టోబరు 19

ఒనోఫ్రే,

వెనక పడవ తీసెయ్యాలా? ఎడారివాడు అంటే అర్థముంది. ఈ పాయలో ఈత నేర్చుకున్నవాడివి, నీ నోటికి ఆ మాట ఎలా వచ్చింది? పట్టేవాడు లేకపోతే ఇల్లు నీళ్లలో బొంగరమవుతుందని ఇక్కడ పాకే పిల్లలకి కూడా తెలుసు. ఉన్ని మూటలు కట్టీ కట్టీ నీ బుర్రలోకి కూడా ఉన్నే పోయినట్టుంది.

నా కోపం నీ మీద కాదు. ఇంక నా ఓపిక అయిపోయింది.

నిన్న పౌర్ణమి పాటుకి నీళ్లు బాగా తీశాయి. పాయ నడుమ మన ఇల్లు మునిగి ఉన్న చోట నీళ్ల రంగు మారింది. అక్కడికి వచ్చేసరికి పడవలవాళ్లు ఇప్పటికీ ఇంజను ఆపేసి తెడ్లు వేసుకుంటూ దాటతారు. మంచు కురిసిన పొద్దుల్లో అక్కడ నీళ్ల మీద నుంచి పొగ లేస్తుందని కొందరంటారు. నేను చూడలేదు. చూడ్డానికి ఎన్నిసార్లు వెళ్లానో మాత్రం అడక్కు.

నా ఆట నన్ను వెనకేసుకొస్తోంది. ఒడ్డున నిలబడి "ఇప్పుడు" అన్న మనిషే గళ్లూ గీసింది, గీతలూ పెట్టింది, తన తప్పు తనకే కనపడకుండా చేసుకుంది. ఇంతకన్నా ఇంకేం అర్థం చెప్పుకోను? ఆ రోజు పోటు నిలబడిందో లేదో చూడ్డానికి నీళ్లలో గడ్డిపరక వేశాను, అది ఆగింది, ఇంకాసేపు చూద్దామని ఆగాను. ఆ కాసేపే మీ అన్న ప్రాణం. అది తప్ప ఇంకో కారణం లేదు.

డిసెంబరు 8న మరియ మాత పండగ. పూజ అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి ఎర్మిందాకి జవాబు చెప్తాను. పోటు చెప్పనని, నా మొగుణ్ని నేనే చంపుకున్నానని, అందుకే చెప్పనని అందరూ వినేలా చెప్తాను. పదకొండేళ్లుగా వాళ్లంతా మనసులో అనుకుంటున్నదే కదా, ఒకసారి నా నోట వింటే వాళ్లకీ తేలిక.

ఆట నీ దగ్గరే ఉంచుకో. కావాలంటే పొయ్యిలో వెయ్యి, నాది వేసేశాను.

క్లోరిందా


పుంతా అరేనాస్
1997 నవంబరు 6

వదినా,

ఇది డిసెంబరు 8 లోపల నీకు అందాలి. అందుకే రిజిస్టరు చేస్తున్నాను. మెట్లెక్కకు. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం పోయిన వారం సోమవారం వచ్చింది. జేబులో పెట్టుకుని తిరిగాను. ఆదివారం మధ్యాహ్నం మావాళ్లు మళ్లీ ఆట తీశారు, ఇప్పుడు వాళ్లకి అది అలవాటైపోయింది. ఇల్లు ఏడో గడిలో ఉంది. వెనక పడవ ఉన్ని మళ్లీ చిక్కుపడింది. ఫ్రెసియాగారు విసుగెత్తి "నీ సంగతి ఇలా కాదు" అని కుట్టు కత్తెర తీసి దాన్ని కత్తిరించేసింది. తర్వాతి వరసకే ఇల్లు అడ్డం తిరిగింది. ఆ పైన రెండు వరసల్లో మునిగింది. ముల్లు ఇంకా పాటు గీత దగ్గరికి కూడా రాలేదు. ఆవిడ చప్పట్లు కొట్టి "ఇదిగో, ఇప్పుడు ఆట ఆటలా ఉంది!" అంది. యోసిప్‌గారు ఆట వంక చూడలేదు, నా మొహం చూశారు. నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

నీ ఆటలో అబద్ధం లేదు వదినా. ఒక్క నియమం తక్కువ. తాడు కోసెయ్యడం నువ్వు రాయలేదు. అలా చేసేవాడు ఒకడుంటాడని నీకు తోచలేదు.

పెద్దాయన కోయమని అరవక ముందే నేను కోశాను. ఇల్లు ఒరగక ముందు. నా ఇంజను తడిసి ఆగిపోయింది. తెడ్డు వేస్తున్నా పడవ ఇంటి చూరు కిందికి పోతోంది. చూరు నా తల మీదికి వచ్చింది. రెండో అల పడవలో పడింది, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. గొడ్డలి పక్కనే ఉంది. ఆలోచించానని చెప్తే అబద్ధం. ఒక్క దెబ్బకే తెగింది. పడవ ఇంటి నుంచి విడిపోయి తేలింది, హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట కూడా దాచను.

అప్పుడు గోడ అవతల నుంచి అన్నయ్య కేకేశాడు. "ఒనోఫ్రే, తాడు వదులైంది, లాగరా!" అన్నాడు. నేను పట్టుకునే ఉన్నాననుకున్నాడు. రెండోసారి కూడా అరిచాడు. నేను పలకలేదు. చేతిలో తాడు ముక్క ఉంది, ఏమని పలకను? తర్వాత ఇల్లు తిరిగింది. పొయ్యి మీది ఇనప మూతలు నేల మీద దొర్లిన చప్పుడు వినిపించింది. ఈ ఊళ్లో ఏ ఇంట్లో పొయ్యి మూత కింద పడినా నేను పలకబోతాను. ఫ్రెసియాగారు నన్ను చెవిటివాడికి వ్యతిరేకం అంటుంది.

ఒడ్డుకొచ్చాక నాలుగు తాళ్లూ తెగి ఉన్నాయి. ఏది ముందు తెగిందో ఎవరూ అడగలేదు. నీ వంక చూశారు. వాళ్లు నీ వంక చూడ్డం నేను చూశాను. అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. వారం తిరక్కుండా ఓడెక్కాను. పనికోసమని నువ్వే బంగాళదుంప రొట్టెలు మూటకట్టి ఇచ్చావు. ఆ రోజు నుంచి పడవ ఎక్కలేదు.

నువ్వు చెప్పిన పోటు సరైనదే. ఇల్లు ఇంకో పావుగంటలో అవతల ఉండేది. అన్నయ్య దిగేవాడు. నీకు ఈ మాట పదకొండేళ్ల ముందు చెప్పి ఉండాల్సింది.

నన్ను క్షమించమని అడగడం లేదు. ఆ మెట్ల మీద మాత్రం నిలబడకు.

ఒనోఫ్రే


యౌకిల్ దీవి
1997 డిసెంబరు 9

ఒనోఫ్రే,

నీ ఉత్తరం గత నెల 24న అందింది. రెండు వారాలు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో నాకే తెలీదు, కాగితం కాలిపోయేది.

మొదటి మూడు రోజులు నిన్ను తిట్టాను. కోళ్లు బెదిరి గుడ్లు మానేశాయి. నీ కోసం మూటకట్టిన రొట్టెలు గుర్తొచ్చాయి, వాటిలో పంది కొవ్వు కూడా ఎక్కువేశాను, కుర్రాడు చలి ఊరికి పోతున్నాడని. పదకొండేళ్లు చర్చిలో చివరి బల్ల మీద కూర్చున్నాను రా. బావి దగ్గర నేను వస్తే మాటలు ఆగేవి. మా నాన్న నేర్పిన విద్య నా చేతిలో చచ్చిపోయిందనుకున్నాను. ఆయన సమాధి దగ్గరికి కూడా పోలేదు. ఇవన్నీ ఒక్క మాటతో పోయేవి. నీ దగ్గర ఆ మాట ఉంది, నువ్వు ఉన్ని మూటలు కట్టుకుంటూ కూర్చున్నావు.

నాలుగో రోజు మళ్లీ పలక మీద పాయ గీశాను. ఇల్లు చెక్కాను. ఏడో గడిలో వెనక తాడు కోశాను. మునిగింది. మళ్లీ ఆడాను. మునిగింది. పదిసార్లు. ఇన్నాళ్లూ వస్తూనే ఉన్నవాడు ఆ రోజు నుంచి రావడం మానేశాడు. మీ అన్న పోయాడని నాకు అప్పుడు తెలిసింది. భోజనాల బల్ల కింద కూర్చుని ఏడ్చాను. 1986లో నేను ఏడవలేదు, తప్పు చేసినదానికి ఏడ్చే హక్కు లేదనుకున్నాను.

నిన్న పండగ. పూజ అయ్యాక మెట్ల మీద నిలబడ్డాను. ఎర్మిందాతో "పోటు నేనే చెప్తాను" అన్నాను, అంతే. నీ పేరు ఎత్తలేదు. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

ఇప్పుడు విను. ఎర్మిందా ఇంటికి ముందు పడవలు మూడు దొరికాయి. వెనక పడవకి మనిషి లేడు. గుమ్మం దాకా వచ్చి అడగాలి, అది పద్ధతి. నీ గుమ్మం చాలా దూరం, కాబట్టి ఈ కాగితాన్నే నా కాళ్లనుకో. జనవరి 29 మధ్యాహ్నం పోటు నిండుతుంది. వచ్చి వెనక తాడు పట్టమని నిన్ను వేడుకుంటున్నాను. రానంటే కారణం అందరి ముందూ చెప్పాలి. వస్తే కూడా చెప్పాలి. ఒడ్డున, ఇల్లు నీళ్లలోకి దించక ముందు, నాకు రాసిందంతా నీ నోటితో వాళ్లకి చెప్పు. చెప్పాక వాళ్లు నిన్ను కొట్టినా నేను అడ్డు రాను.

దారిలో పొయ్యి ఆరకూడదు కదా, లోపల కూర్చోడానికి ఎర్మిందా మొగుడు తయారుగా ఉన్నాడు. నేను వద్దన్నాను. నీ మాట విన్నాక ఆ ఇంట్లోకి ఎక్కడానికి ఎవరికీ ధైర్యం ఉండదు, అతనికీ ఉండదు. "ఇప్పుడు" అని చెప్పి నేనే ఎక్కుతాను. పొయ్యి దగ్గర నేను కూర్చుంటాను.

గోడ అవతల నుంచి నేను కేకేస్తే పలుకు.

క్లోరిందా